త్రీ ఫేజ్ ఇన్వర్టర్‌ని గ్రిడ్‌తో కలపడం: వోల్టేజి, ఫేజ్ సెన్సింగ్ మొదటి నుంచి చివరి దాకా

ఇన్వర్టర్ వోల్టేజి 230, గ్రిడ్ వోల్టేజి 230. ఫ్రీక్వెన్సీ రెండింటిదీ ఒకటే. ఫేజ్‌లో మాత్రం 10 డిగ్రీల తేడా ఉందనుకుందాం. కాంటాక్టర్‌కి (ఇన్వర్టర్‌ని గ్రిడ్‌తో కలిపే స్విచ్) ఆ పక్కా ఈ పక్కా మీటర్ పెడితే 40 వోల్ట్‌లు చూపిస్తుంది. మధ్యలో అడ్డం ఉన్నది 2 మిల్లీహెన్రీ ఫిల్టర్ ఇండక్టర్ ఒక్కటే అయితే 50 హెర్ట్జ్ దగ్గర దాని ఇంపిడెన్స్ 0.63 ఓమ్. అంటే కాంటాక్టర్ పడగానే 64 ఆంపియర్లు. మీది 5 కిలోవాట్ల ఇన్వర్టర్ అయితే దాని రేటెడ్ కరెంటు ఫేజ్‌కి 7 ఆంపియర్ల చిల్లర. ఐజీబీటీలు (ఇన్వర్టర్‌లోని పవర్ స్విచ్‌లు) ఎందుకు పేలాయో వేరే వెతకక్కర్లేదు.

ఈ పని మొదలుపెట్టేవాళ్ళు చాలామంది పీఎల్‌ఎల్ (ఫేజ్ లాక్డ్ లూప్, గ్రిడ్ ఫేజ్‌ని వెంటాడి పట్టుకునే లెక్క) సమీకరణాల మీద వారాలు గడుపుతారు, సెన్సింగ్ సర్క్యూట్‌ని మాత్రం ఒక సాయంత్రంలో లాగించేస్తారు. నా అనుభవంలో వ్యవహారం తలకిందులు. పీఎల్‌ఎల్ పది లైన్ల కోడ్. లైన్ వైరు నుంచి ఏడీసీ (వోల్టేజిని అంకెగా మార్చే కన్వర్టర్) పిన్ దాకా ఉన్న ఆ నాలుగంగుళాల దారిలోనే అసలు తిప్పలన్నీ. అందుకే ఇక్కడ ఆ దారి మీదే ఎక్కువసేపు ఉంటాను.

ముందు గ్రిడ్ ఎలా ఉంటుందో

ఫ్రీక్వెన్సీ గురించి పెద్దగా టెన్షన్ అక్కర్లేదు. 2013 డిసెంబర్ 31న రాయచూర్-షోలాపూర్ 765 కేవీ లైనుతో దక్షిణాది గ్రిడ్ మిగతా దేశంతో కలిసింది. అప్పటి నుంచి దేశమంతా ఒకే ఫ్రీక్వెన్సీ. గ్రిడ్ కోడ్ దాన్ని 49.90 నుంచి 50.05 హెర్ట్జ్ మధ్య ఉంచమంటుంది. ఇచ్ఛాపురంలోనైనా ఆదిలాబాద్‌లోనైనా మీ పీఎల్‌ఎల్ పట్టుకోవాల్సింది అదే 50.

వోల్టేజి, ఫేజ్ మాత్రం పూర్తిగా మీ వీధి ట్రాన్స్‌ఫార్మర్ వ్యవహారం. మన పంపిణీ ట్రాన్స్‌ఫార్మర్ 11 కేవీ నుంచి 433 వోల్ట్‌లకి దింపుతుంది. డెల్టా-స్టార్ కనెక్షన్ కాబట్టి అక్కడే 30 డిగ్రీలు జరుగుతుంది కూడా. ట్రాన్స్‌ఫార్మర్ పక్కనే ఉంటే రాత్రి లోడ్ లేనప్పుడు లైన్-లైన్ 433 దాకా కనబడొచ్చు, దాని పీక్ 612 వోల్ట్‌లు. అదే లైను చివర పొలాల్లో మోటార్లన్నీ ఒకేసారి నడిస్తే లో వోల్టేజి, మూడు ఫేజులు మూడు తీర్లుగా ఉంటాయి. మీ సెన్సింగ్ ఈ రెండు చివరలనీ తట్టుకోవాలి. 433 మీద ఇంకో 10 శాతం కలిపితే పీక్ 674 వస్తుంది. నేను 750 వోల్ట్‌ల పీక్‌కి డిజైన్ చేస్తాను.

ఎక్కడ కొలవాలి

కాంటాక్టర్‌కి గ్రిడ్ వైపున. ఇది చెప్పాల్సిన విషయమా అనిపిస్తుంది కానీ, పీసీబీ మీద వీలుగా ఉందని ఫిల్టర్ కెపాసిటర్ దగ్గర నుంచి తీసుకున్న బోర్డులు చూశాను. కాంటాక్టర్ తెరిచి ఉన్నప్పుడు అక్కడ గ్రిడ్ వోల్టేజే ఉండదు, ఇక దేనితో సింక్ అవుతారు? కుదిరితే ఇన్వర్టర్ వైపు కూడా ఇంకో సెట్ పెట్టుకోండి. కాంటాక్టర్ కాంటాక్టులు అతుక్కుపోయాయో లేదో దానితోనే తెలుస్తుంది.

ఫేజ్-న్యూట్రల్ కొలవాలా, లైన్-లైన్ కొలవాలా? మూడు వైర్ల ఇన్వర్టర్ అయితే నా ఓటు లైన్-లైన్‌కే. మూడు ఫేజుల్ని ఆర్, వై, బి అంటే, ఆర్-వై, వై-బి రెండు కొలిస్తే మూడోది లెక్కలో వచ్చేస్తుంది. మన లైన్లలో న్యూట్రల్ తెగడం కొత్త సంగతి కాదు. న్యూట్రల్ తేలిపోయినా లైన్-లైన్ కొలతలకి ఏమీ కాదు.

సెన్సర్ ఏది

నాలుగు దారులున్నాయి. 230/6 వోల్ట్ చిన్న ట్రాన్స్‌ఫార్మర్ చవకే, ఐసోలేషన్ (గ్రిడ్‌కీ మీ సర్క్యూట్‌కీ నేరుగా విద్యుత్ సంబంధం లేకపోవడం) కూడా ఉచితంగా వస్తుంది. కానీ దానికి సొంత ఫేజ్ ఎర్రర్ ఉంటుంది, అది వోల్టేజితో పాటు మారుతుంది, మూడు ట్రాన్స్‌ఫార్మర్లకి మూడు రకాలుగా ఉంటుంది. డిస్‌ప్లేలో వోల్టేజి చూపించడానికి సరిపోతుంది గానీ సింక్రొనైజేషన్‌కి వద్దు. ఇదే కోవకి చెందిన, జడ్‌ఎంపీటీ101బీ అని దొరికే చిన్న మాడ్యూల్ కాలేజీ ప్రాజెక్టులన్నిటిలో కనిపిస్తుంది. అందులోని 2 మిల్లీఆంప్ ట్రాన్స్‌ఫార్మర్ మంచిదే. ఇబ్బంది దాని పక్కనున్న నీలం ట్రిమ్‌పాట్‌తో. మూడు మాడ్యూళ్ళు, మూడు ట్రిమ్‌పాట్లు, మూడు గెయిన్లు. బాక్స్ కాస్త కదిలితే మళ్ళీ మొదటికి.

ఎల్‌ఈఎం వాళ్ళ ఎల్‌వీ 25-పీ లాంటి హాల్ ట్రాన్స్‌డ్యూసర్ నమ్మకమైనది. ప్రైమరీకి 10 మిల్లీఆంప్‌లు కావాలి కాబట్టి 400 వోల్ట్ లైనుకి బయటి రెసిస్టర్ మీద 4 వాట్ల వేడి వస్తుంది, ధర కూడా ఎక్కువే. ఏఎంసీ1301 లాంటి ఐసోలేటెడ్ యాంప్లిఫయర్ ఇంకో మంచి దారి. ఇన్‌పుట్ ±250 మిల్లీవోల్ట్‌లు, హై సైడ్‌కి విడిగా సప్లై ఇవ్వాలి.

నాలుగోది రెసిస్టర్లతో డిఫరెన్షియల్ యాంప్లిఫయర్. అమ్ముడయ్యే సోలార్ ఇన్వర్టర్లు విప్పి చూస్తే ఎక్కువగా కనిపించే పద్ధతి ఇదే. దీన్నే వివరంగా కడదాం.

డిఫరెన్షియల్ యాంప్లిఫయర్ లెక్క

750 వోల్ట్‌లని 1.5 వోల్ట్‌లకి దింపాలి, అంటే 500లో ఒక వంతు. ఒక్కో ఇన్‌పుట్ కాలికి 1.2 మెగాఓమ్, ఫీడ్‌బ్యాక్‌లో 2.4 కిలోఓమ్ పెడితే సరిగ్గా 500. నాన్-ఇన్వర్టింగ్ వైపు ఇంకో 2.4 కిలోఓమ్‌ని 1.65 వోల్ట్ రిఫరెన్స్‌కి కలపండి. అప్పుడు గ్రిడ్ సున్నా దగ్గర ఏడీసీకి 1.65, పాజిటివ్ పీక్‌కి 3.15, నెగటివ్ పీక్‌కి 0.15 వోల్ట్ అందుతుంది. 3.3 వోల్ట్‌ల 12 బిట్ ఏడీసీలో ఒక కౌంట్ గ్రిడ్ వైపు 0.4 వోల్ట్ అవుతుంది. ఈ పనికి అది చాలు.

ఇప్పుడు ఆ 1.2 మెగాఓమ్‌ని ఒకే రెసిస్టర్‌గా పెట్టకండి. 1206 సైజు రెసిస్టర్ మామూలుగా 200 వోల్ట్‌లకి మించి తట్టుకోదు. డీసీ బస్ (ఇన్వర్టర్‌కి లోపలి డీసీ సప్లై) 800 వోల్ట్‌లు ఉన్నచోట ఒక కాలి మీద అంతా పడొచ్చు. 200 కిలోఓమ్‌వి ఆరు వరుసగా పెడితే ఒక్కోదానికి 133 వోల్ట్‌లు, నిశ్చింతగా ఉంటుంది. ఆరింటినీ ఒక వరసలో, కింద కాపర్ లేకుండా పరవండి. టాలరెన్స్ 0.1 శాతం తీసుకోండి. రెండు కాళ్ళూ సరిగ్గా సరిపోలకపోతే పీడబ్ల్యూఎం (స్విచ్‌లని వేగంగా ఆన్-ఆఫ్ చేసే పద్ధతి) తాలూకు కామన్ మోడ్ వోల్టేజి, అంటే రెండు కాళ్ళ మీదా ఒకేలా ఉండే వోల్టేజి, కొలతలోకి దిగబడుతుంది. ఇన్వర్టర్ ఆఫ్‌లో సైన్ వేవ్ అద్దంలా ఉండి, ఆన్ చేయగానే ముళ్ళు లేస్తే ముందు అనుమానించాల్సింది దీన్నే.

ఈ సర్క్యూట్‌లో ఐసోలేషన్ లేదన్న మాట మర్చిపోవద్దు. కంట్రోలర్ గ్రౌండ్ డీసీ బస్ నెగటివ్‌కి కలిసి ఉంటే, డీబగ్గర్ కేబుల్ ద్వారా మీ ల్యాప్‌టాప్ బాడీ కూడా లైవ్ అయినట్టే. యూఎస్‌బీ ఐసోలేటర్ లేకుండా కేబుల్ గుచ్చకండి. ఆసిలోస్కోప్‌కి డిఫరెన్షియల్ ప్రోబ్ వాడండి. ప్రోబ్ గ్రౌండ్ క్లిప్‌ని లైన్‌కి తగిలించడం, అది కుదరక స్కోప్ ప్లగ్‌లో ఎర్త్ పిన్ పీకేయడం, రెండూ ప్రాణాల మీదికి తెచ్చేవే.

ఆ చిన్న కెపాసిటర్ చేసిన పని

ఆప్-ఆంప్ (పై యాంప్లిఫయర్‌లోని చిప్) అవుట్‌పుట్‌కీ ఏడీసీ పిన్‌కీ మధ్య ఒక ఆర్-సి ఫిల్టర్ ఉంటుంది. మా మొదటి బోర్డులో నాయిస్ ఎక్కువగా ఉందని అక్కడ 10 కిలోఓమ్, 100 నానోఫారాడ్ పెట్టేశాను. వేవ్ నున్నగా వచ్చింది. వోల్టేజి 4.6 శాతం తక్కువ చూపిస్తోంది, సరే, కోడ్‌లో గెయిన్ పెంచి మల్టీమీటర్‌తో సరిపెట్టాను. పీఎల్‌ఎల్ లాక్ అయింది. ఫ్రీక్వెన్సీ 50 దగ్గర నిలబడింది. యూనిటీ పవర్ ఫ్యాక్టర్ అడిగితే పవర్ అనలైజర్ మాత్రం 0.95 చూపిస్తోంది. రెండు రోజులు కరెంట్ కంట్రోలర్‌ని తిట్టుకున్నాను.

ఆ ఫిల్టర్ కటాఫ్ 159 హెర్ట్జ్. 50 హెర్ట్జ్ దగ్గర అది 17.4 డిగ్రీలు వెనక్కి లాగుతుంది. 17.4 డిగ్రీల కొసైన్ 0.954. వోల్టేజిలో తగ్గిన 4.6 శాతం, పవర్ ఫ్యాక్టర్‌లో తగ్గింది, రెండూ ఒకే అంకె, ఎదురుగా ఉన్నా కనిపించలేదు. సైన్ 0.3 కాబట్టి 10 కేవీఏ ఇన్వర్టర్‌లో 3 కేవీఏఆర్ రియాక్టివ్ పవర్ ఎవరూ అడక్కుండానే గ్రిడ్‌లోకి పోతుందన్నమాట.

1 కిలోఓమ్, 10 నానోఫారాడ్ చాలు. కటాఫ్ 15.9 కిలోహెర్ట్జ్, 50 హెర్ట్జ్ దగ్గర ఆలస్యం 0.18 డిగ్రీ. మిగిలిన స్విచింగ్ నాయిస్‌ని ఫిల్టర్‌తో కాక సమయంతో గెలవండి. ఏడీసీని పీడబ్ల్యూఎం క్యారియర్ శిఖరం దగ్గర గానీ అడుగున గానీ ట్రిగర్ చేస్తే, ఆ క్షణంలో స్విచ్‌లేవీ మారవు కాబట్టి శాంపిల్ శుభ్రంగా వస్తుంది.

10 కిలోహెర్ట్జ్‌తో శాంపిల్ చేస్తే సైకిల్‌కి 200 శాంపిళ్ళు, ఒక్కోటి 1.8 డిగ్రీలు. లెక్క ఫలితం పీడబ్ల్యూఎంగా బయటికి వచ్చేసరికి ఒకటిన్నర శాంపిల్ ఆలస్యం, అంటే 2.7 డిగ్రీలు. దీన్ని పీఎల్‌ఎల్ లోపల కలపకండి. లాక్ అయిన యాంగిల్‌ని మాడ్యులేటర్‌కి ఇచ్చేటప్పుడు మాత్రం ముందుకు జరపండి.

కొలతల నుంచి యాంగిల్ దాకా

మొదట ఆఫ్‌సెట్. గ్రిడ్ ఫ్యూజులు తీసి, వెయ్యి శాంపిళ్ళ సగటు తీసి దాచుకోండి. 2048 వస్తుందని ఊహించి కోడ్‌లో అదే అంకె రాసేయకండి. ఆఫ్‌సెట్ తేడా ఉంటే యాంగిల్ 50 హెర్ట్జ్‌తో ఊగుతుంది, చివరికి గ్రిడ్‌లోకి డీసీ కరెంటుగా తేలుతుంది. డీసీ ఇంజెక్షన్ రేటెడ్ కరెంటులో 0.5 శాతం దాటకూడదన్నది సీఈఏ (కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ) నిబంధన.

తర్వాత క్లార్క్ మార్పిడి, అంటే మూడు ఫేజుల్ని ఆల్ఫా, బీటా అనే రెండు అక్షాల మీదికి దింపడం. లైన్-లైన్ కొలతలతో ఇలా వస్తుంది:

ఆల్ఫా = (2 × ఆర్-వై + వై-బి) ÷ 3
బీటా = వై-బి ÷ 1.732

దాని మీద పార్క్ మార్పిడి, అంటే అదే వోల్టేజిని థీటాతో పాటు తిరిగే అక్షాల నుంచి చూడటం. థీటా అంటే పీఎల్‌ఎల్ అంచనా వేసిన యాంగిల్:

డి = ఆల్ఫా × కాస్(థీటా) + బీటా × సైన్(థీటా)
క్యూ = −ఆల్ఫా × సైన్(థీటా) + బీటా × కాస్(థీటా)

మన అంచనా సరిగ్గా ఉంటే క్యూ సున్నా, డి మొత్తం పీక్ వోల్టేజి. వెనకబడితే క్యూ పాజిటివ్, ముందుకెళ్తే నెగటివ్. కాబట్టి క్యూని ఒక పీఐ (ప్రపోర్షనల్-ఇంటిగ్రల్) కంట్రోలర్‌కి ఇచ్చి, వచ్చినదాన్ని 314.16కి (50 హెర్ట్జ్‌ని సెకనుకి రేడియన్లలో రాస్తే వచ్చేది) కలిపి, శాంపిల్ సమయంతో గుణించి థీటాకి చేర్చుకుంటూ పోవడమే. పీఎల్‌ఎల్ అంటే ఇంతే.

క్యూని పీఐకి ఇచ్చేముందు వెక్టర్ పరిమాణంతో భాగించండి, లేకపోతే వోల్టేజి పడినప్పుడల్లా ట్యూనింగ్ మారిపోతుంది. పరిమాణం మరీ చిన్నదైతే భాగించకుండా ఒక కనీస విలువ పెట్టుకోండి. అలా భాగించాక గెయిన్లు తేలిక: బ్యాండ్‌విడ్త్ 20 హెర్ట్జ్, డ్యాంపింగ్ 0.707 అనుకుంటే ప్రపోర్షనల్ 178, ఇంటిగ్రల్ 15,800. దాదాపు 50 మిల్లీసెకన్లలో స్థిరపడుతుంది. అవుట్‌పుట్‌ని 45 నుంచి 55 హెర్ట్జ్ మధ్య బిగించండి.

ఒక చిన్న పొరపాటు చాలామంది కోడ్‌లో ఉంటుంది. థీటా 360 డిగ్రీలు దాటగానే దాన్ని సున్నా చేసేస్తారు. 361.2 ఉంటే 1.2 కావాలి, సున్నా కాదు. ప్రతి సైకిల్‌కీ సగటున 0.9 డిగ్రీ పోతుంది, దాన్ని పూడ్చడానికి పీఐ ఫ్రీక్వెన్సీని పైకి నెడుతుంది. గ్రిడ్ 50.00 ఉన్నా మీ స్క్రీన్ మీద 50.12 కనిపిస్తుంటే క్రిస్టల్‌ని అనుమానించే ముందు ఈ లైన్ చూడండి.

ఫేజ్ సీక్వెన్స్ తిరగబడితే, అంటే వై, బి వైర్లు అటూ ఇటూ అయితే, పీఎల్‌ఎల్ ఎప్పటికీ లాక్ కాదు. క్యూ 100 హెర్ట్జ్‌తో నిండుగా ఊగుతుంది. స్టార్టప్‌లోనే ఆల్ఫా-బీటా వెక్టర్ ఏ దిక్కుకి తిరుగుతోందో చూసి, వెనక్కి తిరుగుతుంటే ఎర్రర్ చూపించి ఆగిపోండి. సాఫ్ట్‌వేర్‌లోనే తిప్పేసుకునే తెలివి కొందరు పెడతారు. ఎలక్ట్రీషియన్ వచ్చి వైర్లు మార్చడమే నాకిష్టం.

గ్రిడ్ బాగాలేనప్పుడు

ఇక్కడి దాకా చెప్పింది మూడు ఫేజులూ సమానంగా ఉన్న గ్రిడ్ కథ. అసమానంగా ఉంటే నెగటివ్ సీక్వెన్స్ (వ్యతిరేక దిక్కుకి తిరిగే వోల్టేజి భాగం) వస్తుంది, క్యూలో 100 హెర్ట్జ్ అల కనిపిస్తుంది. క్యూని రీడింగులా చదవడం అలవాటు చేసుకోండి: 50 హెర్ట్జ్ అల ఉంటే తప్పు గెయిన్‌ది కాదు, ఆఫ్‌సెట్‌దే. 100 ఉంటే అసమానత, అది గ్రిడ్‌దైనా కావచ్చు, మీ రెండు ఛానళ్ళ గెయిన్ తేడా అయినా కావచ్చు. 300 ఉంటే 5, 7 హార్మోనిక్స్. రెండు ఛానళ్ళనీ ఒకే లైన్‌కి కలిపి చూస్తే తప్పు గ్రిడ్‌దో మీదో తేలిపోతుంది.

పరిష్కారం రెండు రకాలు. క్యూ మీద 10 మిల్లీసెకన్ల మూవింగ్ యావరేజ్ పెడితే 100 హెర్ట్జ్, దాని గుణిజాలూ మాయమవుతాయి, 300 కూడా. కానీ లూప్ మందగిస్తుంది, గెయిన్లు తగ్గించుకోవాలి. రెండోది నేను వాడేది: ఆల్ఫాకి ఒకటి, బీటాకి ఒకటి చొప్పున రెండు ఎస్‌ఓజీఐ (సెకండ్ ఆర్డర్ జనరలైజ్డ్ ఇంటిగ్రేటర్) ఫిల్టర్లు. ఒక్కోటి రెండు సిగ్నల్స్ ఇస్తుంది, ఒకటి ఉన్నదున్నట్టు, రెండోది 90 డిగ్రీలు వెనక. వాటి నుంచి పాజిటివ్ సీక్వెన్స్‌ని (సరైన దిక్కుకి తిరిగే భాగం) ఇలా విడదీస్తాం:

ఆల్ఫా ప్లస్ = (ఆల్ఫా − 90 వెనకున్న బీటా) ÷ 2
బీటా ప్లస్ = (బీటా + 90 వెనకున్న ఆల్ఫా) ÷ 2

ఎస్‌ఓజీఐ గెయిన్ 1.414 పెడితే ఒక సైకిల్‌లో స్థిరపడుతుంది. పై రెండింటినీ పీఎల్‌ఎల్‌కి ఇస్తే చాలు. గుర్తులు మారిస్తే అదే లెక్కలోంచి నెగటివ్ సీక్వెన్స్ కూడా వస్తుంది. దాన్ని పారేయకండి.

ఎందుకంటే మన పల్లెల్లో ఒక ఫేజ్ ఎగిరిపోవడం మామూలే. అదే లైను మీద త్రీ ఫేజ్ మోటారు తిరుగుతూ ఉంటే, పోయిన ఫేజ్‌లోకి అది వెనక నుంచి వోల్టేజి పుట్టించి పంపుతుంది. మూడు ఫేజుల్లోనూ వోల్టేజి ఉన్నట్టే కనిపిస్తుంది, పరిమాణం చూసి ట్రిప్ చేసే రక్షణ మోసపోతుంది. నెగటివ్ సీక్వెన్స్ మాత్రం పెరిగి పట్టించేస్తుంది.

కాంటాక్టర్ వేసే ముందు

మొదటి పరీక్ష గ్రిడ్ లేకుండానే. కోడ్‌లో మూడు సైన్ వేవ్‌లు పుట్టించి ఏడీసీ విలువల స్థానంలో ఇవ్వండి. 30 డిగ్రీలు ఒక్కసారిగా దూకించండి, ఒక ఫేజ్‌ని సగానికి తగ్గించండి, క్యూ ఎలా కోలుకుంటుందో చూడండి.

రెండోది ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్, త్రీ ఫేజ్ డిమ్మర్‌స్టాట్‌తో 50 వోల్ట్‌ల దగ్గర. థీటాని డీఏసీ (అంకెని వోల్టేజిగా మార్చే కన్వర్టర్) ద్వారా స్కోప్‌కి ఇచ్చి, ఆర్ ఫేజ్ పక్కన పెట్టండి. పైన రాసిన లెక్క ప్రకారం రంపపు పళ్ళలా కనిపించే థీటా సున్నాకి పడాల్సింది ఆర్ ఫేజ్ పాజిటివ్ పీక్ దగ్గర, జీరో క్రాసింగ్ దగ్గర కాదు. ఇక్కడ 90 డిగ్రీల తికమక పడినవాళ్ళు లెక్కలేనంతమంది. స్కోప్ మీద ఒక డిగ్రీ 55.6 మైక్రోసెకన్లు.

మూడోది మెషీన్స్ ల్యాబ్‌లో ఆల్టర్నేటర్‌కి చేసిన డార్క్ ల్యాంప్ ప్రయోగమే. ఇన్వర్టర్‌ని ఇంకా తక్కువ వోల్టేజిలోనే నడుపుతూ, తెరిచి ఉన్న కాంటాక్టర్ మూడు పోల్స్ మీదా బల్బులు కట్టండి. మూడూ ఆరిపోయి అలాగే ఉంటే ఫేజ్, సీక్వెన్స్ రెండూ కుదిరినట్టే. ఒకటి ఆరి రెండు వెలుగుతుంటే వైర్లు మారాయి. పూర్తి వోల్టేజికి వెళ్ళాక తేడా 460 దాకా పోగలదు కాబట్టి పోల్‌కి రెండు బల్బులు సిరీస్‌లో కావాలి.

ఇన్వర్టర్ కరెంట్ కంట్రోల్‌లో నడిచేదైతే కలిపే వరస వేరు. డీసీ బస్ గ్రిడ్ పీక్ కంటే పైన ఉండాలి, 700 వోల్ట్‌లు అనుకోండి. తక్కువైతే డయోడ్ల గుండా గ్రిడ్ నుంచే కరెంటు దూసుకొస్తుంది. పీఎల్‌ఎల్ లాక్ అయి, క్యూ 2 శాతం లోపు ఒక సెకను నిలబడ్డాక, పీడబ్ల్యూఎం ఆపి ఉంచే కాంటాక్టర్ వేయండి. ఫిల్టర్ కెపాసిటర్ల తాలూకు కుదుపు ఒకసారి వస్తుంది. కాంటాక్టులు స్థిరపడటానికి 100 మిల్లీసెకన్లు వదిలి, గ్రిడ్ వోల్టేజిని ఫీడ్‌ఫార్వర్డ్‌గా (కంట్రోలర్ అవుట్‌పుట్‌కి నేరుగా కలుపుతూ) ఇస్తూ కరెంట్ రిఫరెన్స్ సున్నాతో పీడబ్ల్యూఎం మొదలుపెట్టండి.

హద్దులు కూడా అప్పుడే పెట్టేయండి. 2013 సీఈఏ నిబంధనల ప్రకారం వోల్టేజి 80 శాతం కిందికి, 110 శాతం పైకి పోతే 2 సెకన్లలో, ఫ్రీక్వెన్సీ 47.5 కిందికి, 50.5 పైకి పోతే 0.2 సెకనులో విడిపోవాలి. సవరణలు వస్తుంటాయి కాబట్టి తాజా ప్రతి చూసుకోండి. గ్రిడ్ తిరిగొచ్చాక కనీసం 60 సెకన్లు నిలకడగా ఉంటేనే మళ్ళీ కలవాలి. డిస్కం లైనుకి శాశ్వతంగా కలిపేది ఇంట్లో చేసుకున్న బోర్డు కాకూడదు. ఐలాండింగ్‌కి (గ్రిడ్ పోయినా ఇన్వర్టర్ లైనుకి కరెంటు ఇస్తూ ఉండిపోవడం) ఐఎస్ 16169, భద్రతకి ఐఎస్ 16221 పరీక్షలు దాటాలి, డిస్కం అనుమతి ఉండాలి. మన పరీక్షలన్నీ ల్యాబ్‌లో, ఫ్యూజుల వెనక.

కరెంట్ రిఫరెన్స్‌ని 1 ఆంపియర్‌కి పెంచి ఆర్ ఫేజ్ వోల్టేజి, కరెంటు పక్కపక్కన పెట్టి చూడండి. జీరో క్రాసింగులు 50 మైక్రోసెకన్ల లోపు కలిస్తే సగం రేటింగ్ దాకా మెల్లగా ఎక్కించండి. ఆ లోడ్ మీదే, నడుస్తుండగా, బి ఫేజ్ ఎంసీబీ దించండి. ఇన్వర్టర్ ఆగిందా లేదా, ఎన్ని మిల్లీసెకన్లకి ఆగింది, ఆ లోపు కరెంటు ఎంత దాకా ఎగిరింది, ఈ మూడూ నోట్ చేసుకుని, అప్పుడు పూర్తి లోడ్‌కి వెళ్ళండి.